బర్మింగ్‌హామ్ అంటే చెత్తా ఎలుకలేనా?

ప్రశ్న: నేను తెనాలిలో రిటైరైన లెక్కల మాస్టారిని. మా అమ్మాయికి బర్మింగ్‌హామ్‌లోనూ మాంచెస్టర్‌లోనూ ఎమ్మెస్సీ సీటు వచ్చింది. తనకు బర్మింగ్‌హామ్ కోర్సు నచ్చింది. న్యూజెర్సీలో ఉన్న మా బావమరిది మాత్రం రోజూ వీడియోలు పంపిస్తున్నాడు. వీధుల్లో చెత్త గుట్టలు, పిల్లి అంత ఎలుకలు, దివాలా తీసిన ఊరు, కత్తిపోట్లు, వేరే మతంవాళ్లు అడుగుపెట్టలేని పేటలు అంటాడు. మా పక్కింటివాళ్ల అబ్బాయి అక్కడే చదివాడు. అతనేమో వెనిస్ కంటే ఎక్కువ కాలువలున్న ఊరు, పక్కనే బాలాజీ గుడి, లండన్ ఖర్చులో సగం చాలు అంటాడు. మా ఆవిడకు నిద్ర లేదు, నాకూ టెన్షన్‌గానే ఉంది. మీరు ఆ ఊళ్లోనే ఉంటారు కదమ్మా, ఎవరి మాట నమ్మమంటారు?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీ బావమరిదిగారు పంపిన వీడియోల్లో చాలావరకు నిజమే. చెత్త నిజం, ఎలుకలు నిజం, దివాలా మాట కూడా ఒక లెక్కన నిజం. పక్కింటి అబ్బాయి చెప్పినదాంట్లోనూ నిజం ఉంది. అయితే మీ అమ్మాయి ఇక్కడికొస్తే ఆమెను నిజంగా ఇబ్బంది పెట్టేవి ఈ ఇద్దరి మాటల్లోనూ లేవు. అలాంటివాటిని ఎవరూ వీడియో తీయరు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీ ఇంట్లో నిద్ర చెడగొడుతున్న సంగతులు చూద్దాం.

2025 మార్చి 11న ఇక్కడి కౌన్సిల్‌లో, అంటే మన మున్సిపాలిటీ లాంటిదాంట్లో, చెత్త బండ్ల మీద పనిచేసేవాళ్లు నిరవధిక సమ్మెకు దిగారు. ఆ నెలాఖరుకు వీధుల్లో సుమారు 17,000 టన్నుల చెత్త పేరుకుపోయి, కౌన్సిల్ దాన్ని అత్యవసర పరిస్థితిగా ప్రకటించాల్సి వచ్చింది. గొడవ వారాల్లో తేలలేదు, నెలల తరబడి సాగింది. ప్రపంచమంతా చూసిన ఆ వీధులు ఎక్కువగా స్పార్క్‌హిల్, స్మాల్ హీత్ లాంటి పేటలవి. అక్కడ ఇళ్లు గోడకు గోడ ఆనుకుని వరసగా ఉంటాయి. ముందు ఖాళీ జాగా ఉండదు, చెత్త డబ్బా నేరుగా ఫుట్‌పాత్ మీదికే వస్తుంది. కారున్నవాళ్లు సంచులు డిక్కీలో వేసుకుని కౌన్సిల్ చెత్త కేంద్రానికి మోసుకెళ్లారు. లేనివాళ్లు సంచి మీద సంచి పెట్టుకుంటూ పోయారు. పెద్ద తోటలున్న వీధుల్లోనూ బండి రాలేదు గానీ, అక్కడ చెత్త ఇంటి పక్క సందులో, కంటికి కనపడకుండా ఆగింది. కెమెరాలు అటు వెళ్లలేదు.

ఈ సమ్మెకూ ఆ దివాలాకూ మూలం ఒకచోటే ఉంది. అది వాట్సాప్‌లో ఎవరూ పంపరు. ఇక్కడి కౌన్సిల్ ఏళ్ల తరబడి చెత్త ఎత్తే పనికీ రోడ్డు పనికీ, అంటే మగవాళ్లు ఎక్కువగా ఉండే ఉద్యోగాలకు, జీతం మీద బోనస్సులు ఇచ్చేది. అదే స్థాయిలో పనిచేసే వంటవాళ్లకు, ఊడ్చి తుడిచే పనివాళ్లకు, వృద్ధుల సంరక్షకులకు, అంటే ఎక్కువగా ఆడవాళ్లకు, ఆ బోనస్సులు లేవు. ఆ ఆడవాళ్లు కోర్టుకెళ్లారు. 2012లో బ్రిటన్ సుప్రీంకోర్టు వాళ్ల వైపు తీర్పు ఇచ్చింది. అప్పటినుంచి కౌన్సిల్ చెల్లించిన బకాయిలు 100 కోట్ల పౌండ్లు దాటాయి. అంత చెల్లించాకా సమస్య తీరలేదు. 2023 నాటికి ఇంకా 65 నుంచి 76 కోట్ల పౌండ్ల బాకీ ఉండవచ్చని కౌన్సిలే చెప్పింది. దానికి తోడు, అకౌంట్ల కోసం పెట్టుకున్న కొత్త కంప్యూటర్ వ్యవస్థ సరిగా పనిచేయక, అనుకున్న ఖర్చుకు ఎన్నో రెట్లు మింగేసింది. 2010 తర్వాత కేంద్ర ప్రభుత్వం స్థానిక సంస్థలకు ఇచ్చే డబ్బు తగ్గించిన సంగతి సరేసరి.

అలా 2023 సెప్టెంబర్ 5న కౌన్సిల్ సెక్షన్ 114 నోటీసు ఇచ్చింది. కంపెనీ దివాలా తీసినట్టు కౌన్సిల్ మూతపడటం ఇక్కడి చట్టంలో లేదు. చట్టప్రకారం తప్పనిసరి అయినవి తప్ప కొత్త ఖర్చులు పెట్టం అని చెప్పడమే ఆ నోటీసు. తర్వాత చెత్త బండ్ల మీద ఒక రకం ఉద్యోగాన్ని తీసేయాలని చూశారు. దాన్ని ఉంచితే మళ్లీ సమాన వేతనం కేసులు వస్తాయన్నది కౌన్సిల్ వాదన. దానివల్ల కొందరికి ఏడాదికి వేల పౌండ్ల జీతం పోతుందన్నది కార్మికుల వాదన. వీధుల్లో చెత్త అలా ఆగింది. నన్నడిగితే ఈ కౌన్సిల్‌ను తిట్టడానికి ఎలుకల కంటే ఆడవాళ్ల జీతమే మంచి కారణం. దాని మీద మాత్రం ఎవరూ రీల్ చేయలేదు.

మీరు లెక్కల మాస్టారు కనుక ఒక్క సంగతి. కౌన్సిల్ ఖజానా వేరు, ఊరి ఖజానా వేరు. యూనివర్సిటీలు, ఆస్పత్రులు, రైళ్లు, పోలీసులు కౌన్సిల్ చేతిలో ఉండవు. ఒక పెద్ద బ్యాంకు, హెచ్‌ఎస్‌బీసీ, తన బ్రిటన్ హెడ్డాఫీసును 2018లో లండన్ నుంచి ఇక్కడికి మార్చుకుంది. నోటీసు భారం పడింది మా బోటి ఇళ్లవాళ్ల మీద. కౌన్సిల్ పన్ను 2024లో దాదాపు 10 శాతం, మరుసటి ఏడాది దాదాపు 7.5 శాతం పెంచారు. లైబ్రరీల పనిగంటలు, కుర్రాళ్ల కోసం నడిపే కార్యక్రమాలు తగ్గాయి. ఇంట్లో ఉన్నవాళ్లందరూ ఫుల్‌టైమ్ విద్యార్థులైతే ఆ పన్ను పడదు కనుక మీ అమ్మాయికి ఆ దెబ్బ కూడా తగలదు.

ఇక అడుగుపెట్టలేని పేటల మాట. అది ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు. 2015 జనవరిలో ఒక అమెరికా న్యూస్ చానల్‌లో ఉగ్రవాద నిపుణుడినని చెప్పుకునే ఒకాయన, బర్మింగ్‌హామ్ పూర్తిగా ముస్లింల ఊరు, వేరేవాళ్లు అటు వెళ్లనే వెళ్లరు అన్నాడు. అప్పటి ప్రధాని డేవిడ్ కామెరాన్ అది విని, తాగుతున్న గంజి గొంతుకు అడ్డంపడిందనీ, ఆ మనిషి వట్టి మూర్ఖుడనీ అన్నారు. నిపుణుడు క్షమాపణ చెప్పుకున్నాడు. క్షమాపణ అంత దూరం వెళ్లలేదు, మాట మాత్రం పదేళ్లు దాటినా న్యూజెర్సీ నుంచి తెనాలికి ప్రయాణం చేస్తూనే ఉంది. 2021 జనాభా లెక్కల ప్రకారం ఈ ఊళ్లో 11 లక్షల 40 వేలకు పైగా జనం. క్రైస్తవులు 34 శాతం, ముస్లింలు దాదాపు 30 శాతం. మతం లేదన్నవాళ్లూ చాలామందే. హ్యాండ్స్‌వర్త్ వైపు సోహో రోడ్డుకు వెళితే పంజాబీ బట్టల షాపులూ గురుద్వారాలూ కనిపిస్తాయి. స్పార్క్‌బ్రూక్ వైపు వెళితే పాకిస్తానీ, కశ్మీరీ హోటళ్లు. ఇనప మూకుడులోనే వండి, ఆ మూకుడుతోనే వడ్డించే బాల్టీ కూర 1970ల్లో ఆ వీధుల్లో పుట్టిందే. మీ అమ్మాయి అక్కడికి వెళ్లి కడుపునిండా తిని తిరిగొస్తుంది, అంతకుమించి ఏమీ జరగదు.

నేరాల సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయలేను. కత్తి నేరాల రేటు ఇంగ్లండ్‌లో ఎక్కువగా ఉన్న ప్రాంతాల్లో మా వెస్ట్ మిడ్‌లాండ్స్ ఒకటి. ఇందులో ఎక్కువ భాగం కుర్రాళ్ల ముఠాల మధ్య జరిగేవి. అలాగని చదువుకోవడానికి వచ్చినవాళ్లకు ఏమీ కాదని రాసివ్వలేను. విద్యార్థుల వరకు మామూలుగా జరిగేది దొంగతనం. అద్దె ఇంట్లో కింది గది కిటికీ తెరిచి ఉంచితే ల్యాప్‌టాప్ పోతుంది. నడుస్తూ చేతిలో ఫోన్ చూసుకుంటుంటే వెనకనుంచి సైకిల్ మీద వచ్చి లాక్కుపోతారు. మాంచెస్టర్‌లో అయినా లండన్‌లో అయినా ఈ జాగ్రత్తలే చెబుతాను.

ఇప్పుడు పక్కింటి అబ్బాయి దగ్గరికి వద్దాం, అతన్నీ వదిలిపెట్టను. వెనిస్ కంటే ఎక్కువ కాలువలన్న మాట ఇక్కడివాళ్లే సగం గర్వంగా, సగం వేళాకోళంగా చెప్పుకుంటారు. ఊళ్లో 35 మైళ్ల కాలువలున్న మాట నిజం. మీ తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు కదా, ఆ పేరు విని ఈఫిల్ టవర్ వెతుక్కుంటూ రైలు దిగినవాడి సంగతి ఎలా ఉంటుందో, ఇక్కడ వెనిస్ వెతుక్కునేవాడిదీ అంతే. ఈ కాలువలు బొగ్గు పడవల కోసం 18వ శతాబ్దంలో తవ్వినవి. నీళ్లు గోధుమరంగులో ఉంటాయి. గ్యాస్ స్ట్రీట్ దగ్గర, బ్రిండ్లీప్లేస్ దగ్గర ఒడ్డున నడుస్తుంటే హాయిగా ఉంటుంది. కొంచెం ముందుకెళితే సూపర్‌మార్కెట్ ట్రాలీ ఒకటి నీళ్లలో బోర్లాపడి ఉంటుంది. చీకటి పడ్డాక ఆ గట్టు మీద ఒంటరిగా నడవొద్దని మీ అమ్మాయికి గట్టిగా చెప్పండి.

బాలాజీ గుడి ఊళ్లో లేదు. నగరానికి పశ్చిమాన టివిడేల్‌లో ఉంది, రైలో బస్సో ఎక్కి వెళ్లాలి. 2006లో ప్రతిష్ఠ జరిగింది. తిరుమల తరహాలో కట్టిన పెద్ద గుడి, తెలుగు మాట బాగా వినపడే చోటు. ఇల్లు గుర్తొచ్చిన ఆదివారం వెళ్లడానికి బావుంటుంది. గుడికి దగ్గరగా ఉండాలని మాత్రం ఇల్లు వెతకొద్దు. ఖర్చు కూడా సగం కాదు. అద్దె లండన్ కంటే బాగా తక్కువే. కూరగాయలు, ఫోన్ బిల్లు, చలి కోటు అక్కడా ఇక్కడా ఒకటే.

ఈ ఊరికి చెడ్డపేరు కొత్త కాదు మాస్టారూ. 1815లో వచ్చిన ఒక ప్రసిద్ధ ఇంగ్లిష్ నవలలో ఒక డాబుసరి ఇల్లాలు, బర్మింగ్‌హామ్ అంటే పెద్దగా ఆశలు పెట్టుకోకూడదు, ఆ పేరు పలికితేనే అదోలా ఉంటుంది అంటుంది. అప్పటికే ఇక్కడ బౌల్టన్, వాట్‌ల కంపెనీ ఆవిరి యంత్రాలు తయారుచేసి అమ్ముతోంది. తర్వాతి కాలంలో ప్రపంచం వాడిన స్టీలు పాళీల్లో ఎక్కువ భాగం ఇక్కడ తయారయ్యాయి. మీ తాతగారు సిరాబుడ్డిలో ముంచి రాసిన పాళీ కూడా ఇక్కడిదే కావచ్చు. పనివాళ్ల ఊరంటే పెద్దింటివాళ్లకు చులకన, అంతే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఊరు తన చెడ్డపేరు తానే పెంచుకుంది. పాత కట్టడాలు కూల్చి, నడిబొడ్డు చుట్టూ కార్ల కోసం కాంక్రీటు రింగు రోడ్డు వేశారు. మనుషులు నేల కింది దారుల్లో నడవాల్సి వచ్చింది. 1972లో తెరిచిన స్పఘెట్టి జంక్షన్ ఫ్లైఓవర్ల ముడి, ఊళ్లో దిగకుండా మోటార్‌వే మీద పోయేవాళ్లందరికీ బర్మింగ్‌హామ్ ముఖంగా మిగిలిపోయింది. పాత సెంట్రల్ లైబ్రరీని చూసి అప్పటి యువరాజు, ఇప్పటి రాజు చార్లెస్, ఇది పుస్తకాలు దాచే చోటులా లేదు, తగలబెట్టే చోటులా ఉంది అన్నారు. దాన్ని 2016లో కూల్చేశారు. 2013లో కొత్తది కట్టారు, చూడముచ్చటగా ఉంటుంది. కొత్త లైబ్రరీని మలాలా చేత ప్రారంభం చేయించారు. ఆ అమ్మాయికి 2012లో తుపాకి గుండు దెబ్బ తగిలాక చికిత్స జరిగింది ఈ ఊరి క్వీన్ ఎలిజబెత్ ఆస్పత్రిలోనే. ఇంత చేసి, లైబ్రరీ తెరిచిన రెండేళ్లలోపే డబ్బుల్లేవని పనిగంటలు దాదాపు సగానికి తగ్గించారు. బర్మింగ్‌హామ్‌ను ఒక్క ఉదాహరణతో చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

పైగా ఇక్కడి జనానికి తమ ఊరి గొప్ప చెప్పుకోవడం చేతకాదు. మాంచెస్టర్‌వాళ్లు పాటలూ ఫుట్‌బాలూ కలిపి తమ ఊరిని బాగా అమ్ముకున్నారు. ఇక్కడివాళ్లు తమ ఊరి మీద తామే జోకులేసుకుంటారు. బ్రమ్మీ అనే ఇక్కడి యాస బ్రిటన్‌లో ఎవరికీ నచ్చదని సర్వేల్లో వస్తూనే ఉంటుంది. నాకైతే ఇష్టం. మొదటి వారాల్లో బస్సు డ్రైవరు మాట అర్థం కాక అమ్మాయి కంగారు పడొచ్చు. ఆ తర్వాత చెవి అలవాటు పడుతుంది.

విచిత్రం ఏమిటంటే, మన తెలుగు పేపర్లలో మాత్రం బర్మింగ్‌హామ్ చాలాసార్లు శుభవార్తగానే వచ్చింది. 2001లో గోపీచంద్ ఆల్ ఇంగ్లండ్ టైటిల్ గెలిచింది ఇక్కడే. 2022 కామన్వెల్త్ క్రీడల్లో సింధు, నిఖత్ జరీన్ బంగారు పతకాలు గెలిచింది ఇక్కడే. 2025 జులైలో ఎడ్జ్‌బాస్టన్‌లో భారత్ మొట్టమొదటిసారి టెస్టు గెలిచినప్పుడు, ఇంగ్లండ్ తొలి ఇన్నింగ్స్‌లో మన సిరాజ్ ఆరు వికెట్లు తీశాడు. అప్పటికి చెత్త సమ్మె నాలుగో నెలలో ఉంది. మీ బావమరిదిగారు ఆ మ్యాచ్ చూసే ఉంటారు, ఊరు అదేనని గుర్తొచ్చి ఉండదు.

ఇప్పుడు అసలు ఇబ్బందులు. మొదటిది ఇల్లు. మన పిల్లలు తెనాలిలో ఉండగానే ఏదో గ్రూపులో ఫొటోలు చూసి అడ్వాన్సు పంపేస్తారు. దిగాక ఆ ఇల్లే ఉండదు, లేదా ఉంటుంది గానీ మూడు గదుల్లో ఎనిమిదిమంది ఉంటారు. ఇక్కడ వేర్వేరు కుటుంబాలవాళ్లు అయిదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది ఒకే ఇంట్లో అద్దెకుంటే ఇంటి యజమానికి లైసెన్సు ఉండాలి. మామూలు ఇళ్లకు డిపాజిట్ అయిదు వారాల అద్దెకు మించకూడదు. తీసుకున్న 30 రోజుల్లోపు దాన్ని ప్రభుత్వం గుర్తించిన పథకంలో జమచేసి ఆ కాగితం ఇవ్వాలి. కాగితం ఇవ్వను, నగదే కావాలి అనేవాడు మన జిల్లావాడైనా సరే, దండం పెట్టి బయటికి రమ్మనండి. ఎమ్మెస్సీ ఒక్క ఏడాదే కనుక, ఖర్చు కాస్త ఎక్కువైనా యూనివర్సిటీ హాస్టల్ గది తీసుకోవడమే నా సలహా. మీ ఆవిడ నిద్రకు కూడా అదే మందు.

ఏ యూనివర్సిటీయో మీరు రాయలేదు. యూనివర్సిటీ ఆఫ్ బర్మింగ్‌హామ్ అయితే క్యాంపస్ ఎడ్జ్‌బాస్టన్‌లో ఉంటుంది. దానికి సొంత రైల్వే స్టేషన్ ఉంది, న్యూ స్ట్రీట్ స్టేషన్ నుంచి పది నిమిషాలు కూడా పట్టదు. విద్యార్థులు ఎక్కువగా పక్కనున్న సెల్లీ ఓక్‌లో ఉంటారు. అక్కడ రాత్రిళ్లు గోల, వీధుల్లో చెత్త మామూలే, సమ్మె లేనప్పుడు కూడా. ఆస్టన్ యూనివర్సిటీ అయితే నడిబొడ్డులో ఉంది, న్యూ స్ట్రీట్ నుంచి నడిచి వెళ్లొచ్చు. ఆస్టన్ అనే పేట వేరే ఉంది. యూనివర్సిటీ పేరు చూసి ఆ పేటలో ఇల్లు తీసుకునేవాళ్లున్నారు, చెప్పి ఉంచండి.

రెండోది పార్ట్‌టైమ్ పని. చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలకు మించి చేయకూడదు. ఆ పని దొరకడం కూడా మునుపటంత తేలిక కాదు. ఉద్యోగం చేసి అద్దె కట్టుకుంటుందిలే అని లెక్క వేసి ఉంటే, ఆ లెక్క కొట్టేసి మళ్లీ వేయండి. కనీసం మొదటి ఆరు నెలల ఖర్చు చేతిలో ఉండాలి. మూడోది చలికాలం. డిసెంబర్‌లో సాయంత్రం నాలుగింటికే చీకటి పడుతుంది. ఇంట్లో ఒక్కత్తే ఉండి, హీటరు బిల్లుకు భయపడి దుప్పట్లో కూర్చుని, మీకు ఫోన్‌లో అంతా బాగుంది నాన్నా అని చెబుతుంది. ఎలుకల కంటే నన్ను కలవరపెట్టేది ఇదే. ఫోన్ చేసినప్పుడు చదువు సంగతి అడిగే ముందు, ఇవాళ ఎవరితో మాట్లాడావు, ఏం తిన్నావు అని అడగండి.

మాంచెస్టరా, బర్మింగ్‌హామా అంటారా? రెండు కోర్సుల సిలబస్‌లు పక్కపక్కన పెట్టి చూడండి. ప్రాజెక్టు ఎవరి దగ్గర చేయిస్తారు, కిందటేడాది చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారు అని అమ్మాయి చేత రెండు చోట్లకూ మెయిల్ పెట్టించండి. జవాబు ఎవరు వివరంగా ఇస్తారో అటు మొగ్గండి. ఊరిని బట్టి అయితే ఏదీ వద్దనక్కర్లేదు. మాంచెస్టర్‌లో వాన ఎక్కువ, ఇక్కడ గొప్పలు తక్కువ. అమ్మాయికి ఇక్కడి కోర్సే నచ్చిందని మీరే రాశారు. మెయిళ్లకు జవాబులు వచ్చాక కూడా అదే మాట అంటే పంపించండి, నేనైతే పంపిస్తాను.

మీ బావమరిదిగారికి ఈ జవాబు పంపండి గానీ వాదన పెట్టుకోకండి. మేనకోడలి మీద ప్రేమతోనే భయపడుతున్నారు. ఆ ప్రేమను అద్దె కాగితాలు చదవడానికి వాడుకోండి, అమెరికాలో ఇళ్లు అద్దెకు తీసుకున్న అనుభవం ఆయనకు ఉంటుంది కదా. హాస్టల్ గది దొరక్క బయట ఇల్లు చూడాల్సి వస్తే, పోస్ట్‌కోడ్, వీధి పేరు, అద్దె, ఎంతమంది ఉంటారు అన్నవి నాకు రాయండి. ఆ వీధి ఎలాంటిదో చెబుతాను. డబ్బు పంపకముందే రాయండి, పంపాక రాస్తే నేను చేయగలిగింది తక్కువ.